ఐరేని దీపం

నా పెళ్లి మా నాయన చూడలేదు. ఊళ్లో లేక కాదు, అలిగి కాదు, ఒంట్లో బాగాలేక కూడా కాదు. సూర్యాపేటలో మా ఇంట్లోనే, పెళ్లి పందిరికి గోడ అవతల కూర్చుని ఉన్నాడు. ఈ మాట ఎవరికి చెప్పినా దేవుడున్నాడనేవాళ్లు ఒక కారణం ఊహించుకుని తలాడిస్తారు, లేడనేవాళ్లు ఇంకో కారణం ఊహించుకుని తలాడిస్తారు. రెండు తలకాయలూ తప్పుగానే ఆడతాయి. నాకు చిన్నప్పటినుంచీ కోపం ఎక్కువంటారు. ఆ తలకాయల్ని ఇన్నేళ్లుగా చూస్తూ వచ్చిన మనిషికి ఆ మాత్రం కోపం ఉండడంలో వింతేమీ లేదు.

మా నాయన దర్జీ. దుకాణమంటే చెక్క తలుపులు, ఒక కుట్టు మిషను, బట్ట కత్తిరించే బల్ల, ఎదురుగా ఒక బెంచీ. ఆ బెంచీ మీద బట్టలు కుట్టించుకునేవాళ్లకంటే పేపరు వినేవాళ్లే ఎక్కువ కూర్చునేవాళ్లు. మధ్యాహ్నం హైదరాబాదు బస్సుకు పేపరు వచ్చేది. చదువు వచ్చినవాడొకడు గట్టిగా చదివేవాడు. నాయన మిషను తొక్కడం నెమ్మది చేసి చెవి అటు పెట్టేవాడు. భూముల సంగతి, రాజుల సంగతి, ఆఖరికి దేవుడి సంగతి కూడా ఆ బెంచీ మీదనే తేలేది. నాకు ఊహ తెలిసేటప్పటికే మా నాయన దేవుడు లేడనే మనిషి. బజారులో ఇంకా దర్జీలున్నారు కాబట్టి గుర్తుకోసం ఈయన్ను 'దేవుడు లేని దర్జీ' అనేవాళ్లు. ఆ పేరుకు ఆయనేమీ నొచ్చుకోలేదు. కొలతలు సరిగ్గా ఉంటే చాలు, పేరుదేముంది అనేవాడు.

అమ్మ సంగతి వేరు. వాకిలి ఊడ్చి, గడపకు పసుపు రాసి, గూట్లో దీపం పెట్టిన తర్వాతనే పొయ్యి రాజేసేది. వీళ్లిద్దరూ ఒక ఇంట్లో ఎట్లా కాపురం చేశారమ్మా అని నన్ను చాలామంది అడిగారు. అందరిలాగే చేశారు. కూరలో ఉప్పెక్కువైతే ఆయన అరిచేవాడు, చుట్ట బూడిద ఎక్కడపడితే అక్కడ రాలిస్తే ఆమె అరిచేది. దేవుడు వాళ్ల మధ్య పంచాయితీకి వచ్చేది ఏడాదికి ఒక్కసారే, దసరాకు.

దసరానాడు ఎవరి పనిముట్టుకు వాళ్లు మొక్కుతారు కదా. అమ్మ పొద్దున్నే దుకాణానికి పోయి మిషనుకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి వచ్చేది. ఆమె వీధి మలుపు తిరగడమే ఆలస్యం, నాయన గుడ్డపేలిక తీసి ఆ బొట్టు తుడిచేసేవాడు. ఏటా ఇదే తంతు. "మీ నాయనకు దేవుని మీద పగ బిడ్డా, బొట్టు కనవడితే ఓర్వడు" అని అమ్మ కళ్లు ఒత్తుకునేది. "మీ అమ్మకు భయం. బొట్టు పెట్టకపోతే మిషను ఇరుగుతదనుకుంటది" అని నాయన నవ్వేవాడు. ఒక ఏడాది నాకు విసుగొచ్చి నేరుగా ఇద్దర్నీ అడిగాను. నాయన, "సూది కింద తెల్లబట్ట పోతుంటది. కుంకుమ అంటుకుంటే ఎవడు ఊకుంటడు? తుడువక ఏం జెయ్యాలె?" అన్నాడు. అమ్మేమో, "భయమేంది? మనకు అన్నం పెట్టేదానికి బొట్టు పెట్టకపోతే మనం మనుషులమేనా?" అంది. ఈ మాట ఆయనకూ, ఆ మాట ఈమెకూ చేరవేశాను. మరుసటి ఏడాది అమ్మ బొట్టును బట్ట తగలని చోట, చేతి చక్రం మీద పెట్టింది. నాయన తుడవలేదు. అన్నేళ్ల గొడవ బొట్టు కొంచెం పక్కకు జరిగేసరికి తీరిపోయింది. ఆ మిషను ఇప్పుడు మిర్యాలగూడలో మా ఇంట్లో ఉంది. కుట్టడం ఎప్పుడో మానేసింది గానీ దసరాకు చక్రం మీద బొట్టు పెడుతూనే ఉన్నాను.

దాంతో వాళ్లకు బుద్ధొచ్చిందనుకుంటే పొరపాటు. ఎదుటి మనిషి ఎందుకు నమ్ముతుందో, ఎందుకు నమ్మడో తనకే తెలుసని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఆ ఒక్క నమ్మకంలో మాత్రం మా ఇంట్లో తేడాలు లేవు.

ఇక మా మేనత్త. నాయనకు అక్క. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే ఆయన్ను పెంచింది ఆమే. ఆమెకు ఊహ తెలియకముందే పెళ్లి చేశారు, ఊహ తెలిసేలోపే మొగుడు పోయాడు. తమ్ముడికి పెళ్లయ్యేదాకా పుట్టింట్లోనే ఉండి, ఆ తర్వాత కోదాడలో ఒంటరిగా మిగిలిన అత్తగారిని చూసుకోవడానికి మెట్టినింటికి వెళ్లింది. ఆ ముసలమ్మ పోయాక కూడా బర్రెలు, ఇంటెనక బీరపాదు చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. కోదాడ మాట ఆమె నాలుకకు అంటుకుంది. 'ఏందే' అనేది పోయి 'ఏంటే' వచ్చింది. అమ్మ ముసిముసిగా నవ్వేది.

ఎండాకాలం వచ్చిందంటే ఆమె కోసం నేను బస్సు దగ్గర కాపు కాసేదాన్ని. మూటలో దోస వరుగులు, కొత్త చింతపండు, నాకోసం వేరే చిన్న మూటలో జీడిబెల్లం తెచ్చేది. ఆ మూట విప్పేటప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నాకు గుర్తే, ఇన్ని దుకాణాలు తిరిగినా మళ్లీ అట్లాంటి వాసన తగల్లేదు. ఎవరి మీద కోపమొచ్చినా ఆమె ఒళ్లో తలపెట్టుకుని తిట్టేదాన్ని. ఆమె జడ విప్పి నూనె రాస్తూ, "ఆపావేంటి? సగమే అయినట్టుంది, మిగతాది కూడా తిట్టు" అనేది. మా అమ్మంటే నాకు ప్రేమే. కానీ మనసు విప్పడానికి మాత్రం మా అత్తే కావాలి.

నాకు పద్దెనిమిదేళ్లు నిండినా పెళ్లి చేయలేదని వాడకట్టు చెవులు కొరుక్కుంది. అప్పటి గొడవల్లో ఎవరి ప్రాణాలు వాళ్లు చూసుకోవడానికే సరిపోయింది. రాజ్యం మారి, బజారు మళ్లీ తెరుచుకున్నాక మిర్యాలగూడ నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు బడిలో చదువు చెప్పేవాడు. అతనికీ దేవుడి పట్టింపు లేదు. పురోహితుడు లేకుండా, మంత్రాలు లేకుండా, పెద్దల ముందు దండలు మార్చుకుని పెళ్లి చేసుకుందామని అనుకున్నారు. అప్పుడప్పుడే మావైపు అట్లాంటి పెళ్లిళ్లు అక్కడొకటి ఇక్కడొకటి మొదలయ్యాయి. అమ్మ రాద్ధాంతం చేస్తుందనుకుంటే చేయలేదు. "మంత్రాలు నాకు ఎట్లాగూ సమజ్ గావు. లేకపోతే లేకపాయె. ఐరేని మాత్రం తేవాలె" అంది.

ఐరేని అంటే పెళ్లికోసం కుమ్మరి వాళ్లు చేసే కుండలు. వాటికి సున్నంతో చారలు, జాజుతో ఎర్ర చుక్కలు పెడతారు. వాడకట్టు ఆడవాళ్లంతా డప్పులతో కుమ్మరింటికి పోయి, కుమ్మరామెకు బియ్యం, బెల్లం, రవికగుడ్డ పెట్టి, ఆ కుండలు తలకెత్తుకుని వస్తారు. పైన నలుగురు బట్ట పట్టుకుంటే దాని నీడన నడుస్తారు. ఇంట్లో ఒక మూల వడ్లు పోసి, వాటిమీద కుండలు నిలిపి, దీపం వెలిగిస్తారు. పెళ్లి ముగిసేదాకా ఆ దీపం ఆరకూడదు. మొదటి కుండ ఎత్తుకునేది ఆ ఇంటి ఆడబిడ్డ. కాకపోతే ఆమె ముత్తయిదువై ఉండాలి.

నాయన ఒప్పుకోలేదు. "పంతులు వద్దని కుండలు తెస్తే బెంచీ మీద కూసునేటోళ్లు నవ్వరా? ఇంట గెలిచి రచ్చ గెలువమంటరు" అన్నాడు. అమ్మ ఆయనతో మాట్లాడ్డం మానేసి, చెప్పాల్సిందంతా నాతో చెప్పించింది. 'కుండలు లేకుంట పిల్లను ఎట్ల సాగదోలుత, మీ నాయనను అడుగు' అని ఆయన ఎదురుగానే నన్ను అడిగేది. నాలుగు రోజులు ఈ రాయబారం నడిపి నా నోరు నొప్పి పుట్టింది. చివరికి ఒకనాడు అన్నం ముందు కూర్చుని నాయన అన్నాడు.

"సరే, తేండ్రి. మొదటి కుండ మా అక్క ఎత్తుకోవాలె. అట్లయితేనే."

అమ్మ చేతిలో గంటె ఆగింది. పప్పు వడ్డించి లోపలికి పోయింది.

"సూసినవా?" అన్నాడు నాయన నాతో. "మొగుడు లేనామె ముట్టొద్దని మీ అమ్మ మనసుల ఉన్నది. గిదీ వీళ్ల భక్తి."

వంటింట్లోకి పోతే అమ్మ, "కుండలు వద్దని నేరుగ అనలేక గీ అడ్డంకి పెట్టిండు మీ నాయన. గంత తెలివి ఎవరికి లేదనుకుంటున్నడు" అంది.

ఈ మాట కోదాడకు ఎట్లా చేరిందో తెలియదు. బస్సులో పోయే మనిషి నోట్లో మాట నిలవదు. వారం తిరక్కుండా అక్కడినుంచి వచ్చిన ఒకామెతో అత్త కబురు పంపింది. పెళ్లికి తాను రాదు, అక్కడినుంచే దీవిస్తుంది.

నేను అన్నం మానేశాను. అత్త లేకపోతే నాకు పెళ్లే వద్దన్నాను. అది బెదిరింపు కాదు, నిజంగానే అన్నాను. పెళ్లై మిర్యాలగూడ పోయాక ఏ ఎండాకాలం ఆమెను చూస్తానో, చూడనో. ఇన్నేళ్లు నా తల దువ్విన చెయ్యి ఆ ఒక్క రోజు నా పక్కన లేకపోతే ఆ పెళ్లి ఎవరికోసం? నన్ను సముదాయించడం చేతగాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని కోదాడ బయల్దేరింది.

అప్పట్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక బొగ్గు పొయ్యి రాజేసి గాలి విసిరితే గానీ కదిలేవి కావు. ఎత్తు వచ్చిన చోట మగవాళ్లు దిగి తోసేవాళ్లు. మునగాల దగ్గర అట్లా బస్సు ఆగినప్పుడు, తుమ్మచెట్టు కింద కూర్చుని అమ్మ నాకు అసలు సంగతి చెప్పింది. నేను పెద్దమనిషినైనప్పుడు, నా ఒడిలో మొదటి బియ్యం నువ్వే పొయ్యమని ఆమె అత్తను అడిగిందట. అత్త చేతులు వెనక్కి పెట్టుకుని ఏడ్చిందట. తమ్ముడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. నాయన షరతు విన్నప్పుడు అమ్మ గంటె ఆగింది అందుకు. వదిన ముడితే ఏమవుతుందో అని కాదు, వదిన ముట్టదని తెలుసు గనుక. ఆ సంగతి నాయనకు చెప్పడానికి ఒట్టు అడ్డం.

అత్త పిడకలు చేస్తూ కనిపించింది. మమ్మల్ని చూసి మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. ఎందుకొచ్చామో తెలుసు కదా. కాళ్లు కడుక్కోమంది, బీరకాయ పచ్చడితో అన్నం పెట్టింది. "ముందు తిను. కడుపు నిండాక తిట్టు" అంది.

తిన్నాక తిట్టాను. "ఎవరికి భయపడుతున్నవ్ అత్తా? వాడకట్టోళ్లకా? వాళ్లు ఏం పెడుతున్నరని?"

"వాడకట్టుకు నేను ఏనాడు భయపడ్డానే?" అంది అత్త. "నాకు నీ గురించే భయం. నాకు జరిగింది నా చేతుల్లో ఉందో, నా రాతలో ఉందో, ఊరికే జరిగిందో నాకు తెలియదు. నిజమో అబద్ధమో కూడా తెలియదు. నూలుపోగంత నిజమున్నా అది నీ మీద పడకూడదు బిడ్డా. నాకు కావాల్సింది అంతే."

"నాయన పెండ్లికి కూడ గట్లనే నిన్ను గాదె వెనుక కూసోబెట్టిండ్రంట గద. నాయన ఎన్నిసార్లు చెప్పిండో."

"ఎవరూ కూర్చోబెట్టలేదే," అంది ఆమె ఆశ్చర్యంగా. "మా మేనమామ వచ్చి చెయ్యి పట్టుకుని లాగాడు, బయటికి రమ్మని. నేనే పోలేదు. వాణ్ణి ఈ చేతుల మీద పెంచాను, నా నీడ పడి వాడికి ఏమైనా అయితే? గాదె వెనక కూర్చుని సన్నాయి వింటూ అనుకున్నాను, ఇప్పుడు జీలకర్ర బెల్లం పెడుతున్నారు, ఇప్పుడు పుస్తె కడుతున్నాడు అని. నాకేం తక్కువైంది? అంతా విన్నాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కూడా తిట్టే శక్తి పోయింది. అప్పుడు అత్తే అడిగింది, గొంతు తగ్గించి.

"వాడికి ఇంకా దేవుడి మీద కోపం పోలేదా? నా బతుకు చూసే వాడు దేవుణ్ణి వదిలేశాడు. ఆ పాపం నాదే."

"నేను గూడ గదే అనుకుంటున్న వదినె" అంది అమ్మ.

పోయిన కోపం మళ్లీ వచ్చింది నాకు. "ఆ మాట నాయన అన్నడా?" అని అడిగాను. అనలేదు. ఎవరైనా అడిగారా? అడగలేదు. ఒకే మనిషి గురించి ఇద్దరు ఆడవాళ్లు ఇన్నేళ్లు కుమిలిపోయారు గానీ ఆ మనిషిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

సూర్యాపేటకు వచ్చి నేనే అడిగాను. నాయన దుకాణంలో పెళ్లికొడుకు అంగీ కుడుతున్నాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"నాయనా, అత్తకు గట్ల అయిందని నీకు దేవుని మీద కోపమా?"

ఆయన మిషను ఆపకుండానే నవ్వాడు. "కోపం రావాలంటే ఎదురుంగ ఒకడు ఉండాలె గద బిడ్డా. లేనోని మీద కోపం ఎట్ల వస్తది?"

"అయితే షరతు ఎందుకు పెట్టినవ్?"

"అక్కను గాదె ఎనక దాసిపెట్టిండ్రు. మళ్ల నా ఇంట్ల గట్ల కావద్దు."

"ఎవరు దాసిపెట్టలే. ఆమెనే కూసున్నది. నీకేమన్న అయితదేమోనని."

మిషను ఆగింది. ఆయన కుట్టు మీదినుంచి చెయ్యి తీయలేదు, కానీ కాళ్లు కదల్లేదు. అప్పుడు ఆయన చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది.

"నేను సూసిన బిడ్డా. పీట మీద కూసుంటే గాదె సందుల నుంచి అక్క చీర అంచు కనవడ్డది. పిలుద్దామనుకున్న. పుస్తె చేతుల ఉన్నది, మంత్రాలు నడుస్తున్నయ్. ఇప్పుడు ఆపితే ఏమన్న అయితదేమో అని నాకు భయమైంది. నేను గూడ నమ్మిన ఆ రోజు, అందరి లెక్కనే. పిలువలే. వారం కాంగనే ఆమె కోదాడ వోయింది." అంగీ మడత సరిచేసుకున్నాడు. "దేవుడు లేడనుడు పేపరు ఇని నేర్సుకున్నదే. అది తర్వాత సంగతి. కండ్లకు కనవడని దానికి భయపడి కనవడే మనిషిని ఇడిచిపెట్టొద్దని నేను ఆనాడే అనుకున్న."

మా నాయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి. ఆయన గొడవ దేవుడితో కాదు, తనతో తనకే. అది ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే ఎవరి జవాబు వాళ్ల దగ్గర ముందే తయారుగా ఉంది.

మరునాడు దుకాణం మూసి కోదాడ పోయాడు. అక్కాతమ్ముళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చి బస్సు దిగేటప్పుడు మాత్రం ఆయన వెనకాల అత్త కూడా దిగింది, మూటతో. షరతు తీసేశానని నాయన అమ్మతో చెప్పాడు. "ఏం ఎత్తుకోవద్దు, ఏం ముట్టుకోవద్దు. ఇంట్ల ఉంటే సాలన్న. వచ్చింది." మొదటి కుండ ఎవరు ఎత్తుకుంటారని అడిగితే అమ్మ, "నేనే ఎత్తుకుంట. ఆడబిడ్డ తలపెట్టకపోతే ఇంటామె ఎత్తుకోవద్దా?" అంది. నాయన ఇక మాట్లాడలేదు. కుండలు తేవడానికి ఒప్పుకున్నట్టే అనుకున్నాం.

పెళ్లిరోజు పొద్దున ఆడవాళ్లంతా కుమ్మరింటికి పోయారు. నాకు పసుపు పెట్టారు కాబట్టి నేను గడప దాటకూడదు. అత్త నాకు తోడుంది. డప్పులు దూరం నుంచి దగ్గరికి వస్తున్నకొద్దీ ఆమె గోడకు దగ్గరగా జరిగింది. డప్పుల మోత వాకిట్లోకి వచ్చింది. అమ్మ ముందు నడిచి వచ్చింది. తలమీద చారల కుండ, చెమటకు నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి కారుతోంది. గడప దగ్గర ఆగింది. కుండ దించుకోవడానికి ఇద్దరు ముగ్గురు ముత్తయిదువలు చేతులు చాచారు. అమ్మ వాళ్లను చూడనట్టే లోపలికి చూసి పిలిచింది.

"వదినె, మెడ ఇరుగుతున్నది. జర దించు."

బావి దగ్గర గానీ, దారిలో గానీ, తలమీద బరువున్న మనిషి జర దించమంటే కాదని పోయే ఆడమనిషి మావైపు లేదు. శత్రువైనా సరే, ముందు బరువు దించి తర్వాత పోట్లాడతారు. అత్త పుట్టిన దగ్గరనుంచి నీళ్లు మోసిన మనిషి. ఆమె ఆలోచించేలోపే చేతులు లేచాయి. రెండంగల్లో గడప దగ్గరికి పోయి, కుండ అడుగున ఒక చెయ్యి, మెడ దగ్గర ఒక చెయ్యి వేసి దించుకుంది. దించుకుని గుండెకు ఆనించుకున్న తర్వాత గానీ తానేం పట్టుకుందో తెలియలేదు.

చేతులు చాచిన ముత్తయిదువలు వెనక్కి జరిగారు. అత్త మొహంలో నెత్తురు లేదు.

"ఏం చేశానే నేను?" అంది.

"ఏం జేసినవ్? బరువు దించినవ్" అంది అమ్మ మెడ నిమురుకుంటూ. "ఆడ వడ్లు పోసి పెట్టిన. పట్టుకుని నిలవడితే పెండ్లి అయితదా? పెట్టు."

కావాలనే అడిగావా అని అమ్మను తర్వాత ఎన్నోసార్లు అడిగాను. నిజంగనే మెడ నొచ్చింది అని తప్ప ఇంకో మాట చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు. నాయన షరతు పెట్టి సాధించలేనిది, దేవుణ్ణి నమ్మిన మా అమ్మ మెడనొప్పితో సాధించింది. అమ్మకు ఐరేని అంటే భయం కాదు. వాడకట్టంతా కలిసి ఎత్తుకుని తెచ్చిన కుండ మీద తన వదిన చెయ్యి కూడా ఉండాలనుకుంది. ఉంచింది.

కుండలు నిలిపారు, దీపం వెలిగించారు. అత్త అక్కడే కూలబడింది. మండువా వైపునుంచి గాలి వీస్తుంటే ఒత్తి అటూ ఇటూ ఊగుతోంది. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "ఇది ఆరిందంటే నేను బతకను" అంది. బయట పెళ్లికొడుకు వచ్చాడు, బెంచీ మీది పేపరు మిత్రులు వచ్చారు, దండలు వచ్చాయి. అత్త కదలదు. అత్త లేకుండా నేను కదలనన్నాను. పిల్ల ఎందుకు రాలేదని నాయన లోపలికి వచ్చాడు. కుండను చూశాడు, అక్కను చూశాడు, గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మను చూశాడు. జరిగిందేంటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"అక్కా, నువ్వు పో. పిల్ల పక్కన నిలబడు. దీపం నేను సూస్త."

"నువ్వా? నీకు దీపం మీద నమ్మకం లేదు కదరా."

"నమ్మకం లేకపోతే ఏంది? పొద్దు లేస్తే మిషనుకు నూనె పోసేటోన్ని, దీపానికి నూనె పొయ్యరాదా నాకు? నేను ఆరనియ్యను. పో."

ఆమె ఒత్తిని కొంచెం ఎగదోసి, నూనె గిన్నె ఆయన వైపు జరిపింది. తర్వాత లేచింది. ఆయన ఆమె లేచిన చోటే కూర్చుని, ఒంటిమీది కొత్త అంగీ విప్పి గాలి వచ్చే వైపు అడ్డం పట్టుకున్నాడు.

పెళ్లి జరిగింది. పేపరు మిత్రుల్లో ఒకాయన మూఢనమ్మకాల గురించి ఎంతసేపు మాట్లాడాడంటే చేతిలో దండలు వాడిపోయాయి. అవతలి గదిలో ఏం నడుస్తున్నదో తెలిస్తే ఆయన ఏమయ్యేవాడో. అత్త నా పక్కనే, నా భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. దండలు మార్చుకున్నాం. చప్పట్లు కొట్టారు, అక్షింతలు వేసేవాళ్లు వేశారు. అత్త నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఇంతేనా పెళ్లంటే?"

"ఇంతే అత్తా."

"ఇంతేనా?" అంది మళ్లీ. ఆ తర్వాత నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఎన్ని పెళ్లిళ్లకు ఆమె గోడల అవతల కూర్చుందో అప్పుడు నాకు తట్టింది.

సంగతి ఊళ్లో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. బిడ్డ పెళ్లనేసరికి దేవుడు లేని దర్జీకి దేవుడు గుర్తొచ్చాడని, లోపల దీపం ముందు జపం చేశాడని గుడికి పోయేవాళ్లు సంతోషపడ్డారు. వంగిపోయాడని, పెళ్లానికి లొంగిపోయాడని బెంచీ మీదివాళ్లు కొన్నాళ్లు మొహం చాటేశారు. నాయన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఆ తర్వాత కూడా దేవుడు లేడనే అన్నాడు, చివరిదాకా అదే అన్నాడు. అత్త ఉన్నాడనే అంది. కాకపోతే ఆ పెళ్లి తర్వాత ఆమె ఏ పెళ్లికి పోయినా ముందు వరసలోనే కూర్చుంది.

పెళ్లయ్యాక నేను, అత్త లోపలికి పోయాం. నాయన వీపు మాకు కనిపించింది. అంగీ ఇంకా అడ్డం పట్టుకునే ఉన్నాడు, దాని అంచంతా నూనె మరకలు. మా అడుగుల చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు. ఒత్తి మీదినుంచి చూపు తీయకుండానే అడిగాడు.

"అయిందా బిడ్డా?"

"అయింది నాయనా."

"అక్క సూసిందా?"